180 మంది ఉన్న ఊరికి మేయరేంటండీ బాబూ??

కోనసీమ కుర్రోడు:
చిన్న డౌటండి. మా అక్కా బావా ఫ్రాన్స్‌లో లియాన్‌కి గంట దూరంలో ఏదో పల్లెటూరికి మారారు, ఊరు మొత్తం 180 మందంట, మా అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో పొద్దున్నే అంతకంటే ఎక్కువమంది తగుల్తారు. దానికో మేయరంట, కౌన్సిలంట. బావ "కమ్యూన్" అన్నాడని నాన్నగారు కమ్యూనిస్టుల ఊరేమో అని ఒకటే కంగారు. అసలేంటది? అక్కకి అక్కడ పొద్దు గడుస్తుందా?

గోధుమరొట్టె:
మూడేళ్ళు అలాంటి ఊళ్ళోనే ఉన్నానండి. నాన్నగారిని స్థిమితంగా ఉండమనండి, కమ్యూనంటే మన పంచాయతీ లాంటిదే, కాకపోతే వాళ్ళకి పంచాయతీ, మున్సిపాలిటీ, కార్పొరేషన్ అని వేరేవేరుగా ఉండవు, లియాన్ అంత పెద్ద నగరం కూడా కమ్యూనే, మీ అక్కోళ్ళ ఊరూ కమ్యూనే. 1789లో విప్లవం వచ్చినప్పుడు ఒక్కో చర్చి కింద ఎంత ఊరుంటే దాదాపు అంతా ఒక కమ్యూన్ అనేశారు, అందుకే ఇప్పటికీ దేశంలో 35 వేల దాకా ఉన్నాయి.

మేయరంటే సైరన్ కారు ఊహించుకోకండి, మా మేయరు ద్రాక్షతోట రైతు, ట్రాక్టర్ దిగి బురద బూట్లతోనే వచ్చి సంతకం పెట్టేవాడు. ఆఫీసుని "మేరీ" అంటారు (మేరీమాతకీ దానికీ సంబంధం లేదు), మా ఊళ్ళో వారానికి రెండు పూటలే తీసేవారు, మిగతా రోజులు సెక్రటరీ పక్క ఊళ్ళకి. పెళ్ళి మాత్రం ఆ మేరీలోనే, మేయరు మూడురంగుల పట్టీ వేసుకుని చెయ్యాలి, చర్చికి వెళ్ళినా దాని తర్వాతే.

నాకు మనసు చివుక్కుమనేది ఊరి మధ్య రాయి చూస్తే. 1914-18 యుద్ధంలో పోయినోళ్ళ పేర్లు, అంత చిన్న ఊరికి అన్ని పేర్లా అనిపిస్తుంది, ఒకే ఇంటిపేరు మూడుసార్లు. ఆ యుద్ధంలోనే పెద్ద పోరు జరిగిన వెర్డన్ దగ్గరైతే 1916లో నేలమట్టమైన ఆరు కమ్యూన్లలో ఇవాళ్టికీ జనాభా సున్నా, అయినా మేయరుంటారు, ప్రభుత్వమే వేస్తుంది.

పొద్దు గడవడమా... కారు లేకపోతే కష్టమే. మా ఊరి బేకరీ మూసేస్తే మిషన్లో డబ్బులేసి రొట్టె తీసుకున్నాం. బోంజూర్ (మన నమస్కారం లాంటిది) అనకుండా మాత్రం ఎవరితోనూ మాట మొదలెట్టొద్దని అక్కకి చెప్పండి, పొగరనుకుంటారు.

యానాం గోదారి:
ఆయ్, అంత దూరం ఎందుకండీ, మా యానాం 1880లోనే ఫ్రెంచోళ్ళ కమ్యూను. మేయరూ కౌన్సిలూ అన్నీ ఉండేవి, 1954 దాకా వాళ్ళ పాలనే. బ్రిటిషోళ్ళు శారదా చట్టం తెచ్చి బాల్యవివాహాలు ఆపితే ఇటుపక్క జనం చిన్నపిల్లల్ని పట్టుకుని మా ఊరొచ్చి పెళ్ళిళ్ళు చేసుకెళ్ళేవారు, అందుకే కల్యాణపురం అన్నారు. గొప్పేం కాదులెండి, జరిగింది చెప్తున్నా.

భీమవరం పుంజు:
ఫ్రాన్స్‌లోనే ఒలెరాన్ అనే దీవిలో మోరిస్ అనే కోడి పొద్దున్నే కూస్తోందని సెలవులకొచ్చే పొరుగింటోళ్ళు కోర్టుకెక్కితే 2019లో కోడే గెలిచింది. 2021లో ఏకంగా పల్లెటూరి చప్పుళ్ళూ వాసనలూ వారసత్వమే అని చట్టం చేశారు. మన పుంజుల మీద కూత కేసుల్లేవు, కత్తి కేసులే.

కోనసీమ కుర్రోడు:
థాంక్సండి అందరికీ, నాన్నగారికి చదివి వినిపించా. కంగారు పోయింది గానీ ఇప్పుడు మా బావ మేయరుగా నిలబడొచ్చా అంటున్నారు.

గోధుమరొట్టె:
ఫ్రెంచి పౌరసత్వం ఉంటేనే అండి. ముందు బావగార్ని బోంజూర్ దగ్గర మొదలెట్టమనండి.