నీనెవె మీద దేవుడు దయ చూపితే యోనాకు కోపం ఎందుకు?

ప్రశ్న (హనుమకొండ, సండేస్కూలు ఉపాధ్యాయురాలు)

అందరికీ వందనాలు. మా సంఘం పిల్లలకు మూడు వారాలుగా బైబిలులోని యోనా గ్రంథం చెబుతున్నాను. నీనెవె పట్టణానికి వెళ్ళి హెచ్చరించమని దేవుడు పంపితే, ముందు ఓడెక్కి పారిపోయి, తరువాత వెళ్ళి చాటిన ప్రవక్త కథ అది. ఓడ, తుపాను, గొప్ప మత్స్యం దాకా కళ్ళార్పకుండా విన్నారు. పోయిన ఆదివారం నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి ఏడో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "టీచర్, ఆయన మాట విని ఊరంతా మారింది కదా, సంతోషపడకుండా చచ్చిపోతానంటాడేమిటి?" అని అడిగింది. నలభై రోజుల్లో పట్టణం నాశనమవుతుందని చాటిన మాట తప్పిపోయినందుకు చిన్నబోయాడని చెప్పి కూర్చోబెట్టాను గానీ, ఆ జవాబు నాకే సరిపోలేదు. పెద్దలెవరైనా వివరించగలరా?

జవాబు (పరకాల)

అమ్మా, కారణాన్ని యోనాయే నాలుగో అధ్యాయం రెండో వచనంలో తన నోటితో చెప్పాడు. దేవుడు కటాక్షమూ జాలీ గలవాడనీ, కీడు చేయకుండా మనసు మార్చుకుంటాడనీ తనకు ముందే తెలుసుననీ, అందుకే దూరాన ఉన్న తర్షీషుకు పారిపోవాలని చూశాననీ అంటాడు. అంటే యొప్పే రేవులో కేవు (ప్రయాణపు ఛార్జీ) ఇచ్చి ఓడ ఎక్కింది నీనెవెవాళ్ళు తననేమైనా చేస్తారన్న భయంతో కాదు, దేవుడు వాళ్ళను ఎక్కడ క్షమిస్తాడోనన్న భయంతో. ఆ మాటలు ఆయన సొంతంగా అల్లినవి కూడా కావు. బంగారు దూడకు మొక్కిన ఇశ్రాయేలీయులు నాశనం కాకుండా మిగిలిన తరువాత, సీనాయి కొండ మీద దేవుడు తన గురించి తాను మోషేకు చెప్పుకున్న మాటలవి (నిర్గమకాండం 34:6). తన జనాన్ని బతికించిన దయ పరాయి ఊరిని కూడా బతికిస్తుంటే యోనా ఓర్చుకోలేకపోయాడు. రాజుల రెండవ గ్రంథం 14:25 కూడా చూడండి. రెండో యరొబాము రాజు కాలంలో ఇశ్రాయేలు సరిహద్దు తిరిగి దక్కుతుందని ప్రవచించింది ఈ యోనాయే. ఆ కబురు చెప్పడానికి ఆయన వెనుకాడినట్లు ఎక్కడా లేదు.

జవాబు (నర్సంపేట)

పైన అన్నగారు చెప్పింది నిజమే గానీ, యోనాను పిల్లల ముందు మరీ దోషిగా నిలబెట్టకండి. నీనెవె అష్షూరువాళ్ళ మహాపట్టణం. ఆ అష్షూరువాళ్ళే తరువాత, క్రీస్తు పూర్వం 722 ప్రాంతంలో, యోనా సొంత దేశమైన ఇశ్రాయేలు రాజధాని షోమ్రోనును పట్టుకుని జనాన్ని చెరగొనిపోయారు. మా నాన్నగారి పొలం గట్టు జరిపి రెండు గుంటలు కలుపుకున్న మనిషి మారుమనస్సు పొందాడని సంఘమంతా చప్పట్లు కొట్టిన రోజు నా చేతులు లేవలేదు. గట్టు ఇప్పటికీ జరిపిన చోటే ఉంది. అందుకే నేను మూడో అధ్యాయాన్ని మళ్ళీ మళ్ళీ చదువుతాను. నీనెవె రాజు గోనెపట్ట కట్టుకుని బూడిదలో కూర్చోవడంతో ఆగలేదు, ప్రతివాడూ తాను చేస్తున్న బలాత్కారాన్ని మానాలని ఆజ్ఞ ఇచ్చాడు. పదో వచనంలో దేవుడు చూసింది వాళ్ళ గోనెపట్టలను కాదు, చెడు నడత మానుకున్న వాళ్ళ క్రియలను.

జవాబు (జనగామ)

పట్టణం బయట కూర్చున్న యోనాకు నీడగా దేవుడు మొలిపించిన చెట్టు సంగతి పిల్లలకు వివరంగా చెప్పండి అక్కా. మన తెలుగు బైబిలులో సొరచెట్టు అని ఉంది గానీ, హెబ్రీలోని "కీకాయోను" ఆముదపు చెట్టే అని చాలామంది పండితులు అంటారు. నాకూ అదే సబబనిపిస్తుంది, ఎందుకంటే మా వైపు చేలల్లో ఆముదం చూస్తూ పెరిగాను. అరచేయి చాపినట్లుండే వెడల్పాటి ఆకు ఇట్టే పెరిగి నీడ పడుతుంది. దాసరి పురుగు పట్టిందంటే కొద్ది రోజుల్లోనే ఆకు పోయి ఈనెలు మిగులుతాయి. యోనాకు ఆ నీడ ఒక్క పగలే దక్కింది. మర్నాడు తెల్లవారేసరికి పురుగు తొలిచింది, వేడి తూర్పుగాలి కొట్టింది, ఎండకు ఆయన సొమ్మసిల్లాడు. తాను నాటని, నీళ్ళు పోయని చెట్టు కోసం అంత బాధపడినవాణ్ణి పట్టుకుని దేవుడు అడుగుతాడు: కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేల మందికి పైగా జనమూ, ఎన్నో పశువులూ ఉన్న ఊరి గురించి నేను బాధపడవద్దా? పశువులను కూడా లెక్కలోకి తీసుకున్నాడు చూడండి. కరువు ఏట గొడ్లను అంగడికి తోలిన ఇంట్లో పుట్టినవాణ్ణి గనుక, ఆ చివరి మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నర్సంపేట అన్నా, మీరు రాసింది చదివాక యోనా మీద చులకనగా మాట్లాడలేను. దేవుని ప్రశ్నకు యోనా ఏం జవాబిచ్చాడో గ్రంథంలో లేదు, కాబట్టి నేనూ చెప్పను. వచ్చే ఆదివారం ఒక ఆముదపు ఆకు తీసుకెళ్ళి ఆ అమ్మాయి చేతికిచ్చి, యోనా స్థానంలో ఉంటే నువ్వేమనేదానివి అని అడుగుతాను.