అప్‌డేట్: హాస్టల్ క్వార్టర్స్‌లో ఉంటూ సొంత సమయం దక్కించుకోవడం

తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయ బాలికల హాస్టల్‌కు డిప్యూటీ వార్డెన్‌గా అక్కడి క్వార్టర్స్‌లోనే ఉంటున్నాననీ, అర్ధరాత్రి ఎవరో ఒకరు తలుపు తట్టని రోజు లేదనీ చెప్పి, నాకంటూ కాస్త సమయం ఎలా దక్కించుకోవాలని వేసవికి ముందు ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఫలించింది డ్యూటీ ఫోన్ సలహా. నా సొంత నంబరును నోటీసు బోర్డు మీద నుంచి తీయించాక, హాస్టల్ పేరిట తీసుకున్న ఒకే ఫోన్‌ను నేనూ తోటి వార్డెనూ రాత్రి 8 గంటలకు రిజిస్టరులో సంతకం చేసి, రోజు విడిచి రోజు ఒకరికొకరం అప్పగించుకుంటున్నాము. జ్వరమో, ఇంటి నుంచి దుర్వార్తో వస్తే మాత్రం ఎవరి వంతైనా నా తలుపు తట్టమని పిల్లలకు చెప్పాను. అది నేను వదులుకోలేను.

మిగతా సలహాల్లో, బయట ఇల్లు అద్దెకు తీసుకోవలసిన అవసరమే రాలేదు, తలుపుకు అంటించిన వేళల కాగితం వల్ల ఒరిగిందేమీ లేదు. ఆదివారం ఉదయం అమ్మతో కపిలతీర్థం వెళ్తున్నాను. మొన్న కోనేటి మెట్ల మీద ఆమె మాట చివరిదాకా విన్నాను.