తూలుకుంటూ రోడ్డు దాటిన ముసలాయనకు ఏ ఇంగ్లీషు మాట?

ప్రశ్న: తుంగభద్ర టైపింగ్, కర్నూలు

కోర్టు దగ్గర తెలుగు కాగితాలను ఇంగ్లీషులోకి మార్చి టైపు చేసి ఇవ్వడం నా పని. హైకోర్టు భాష ఇంగ్లీషే కావాలన్న రాజ్యాంగం 348వ అధికరణం పుణ్యమా అని మా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. ప్రస్తుతం ఒక రోడ్డు ప్రమాదం పరిహారం కేసులో టీకొట్టు యజమాని వాంగ్మూలం నా బల్ల మీద ఉంది. ఊరు, పేర్లు చెప్పను. రెండు వాక్యాల దగ్గర చేయి ఆగింది.

"ముసలాయన తూలుకుంటూ రోడ్డు దాటుతున్నాడు. లారీని చూసి ముందుకు పోవాలా వెనక్కు రావాలా అని తటపటాయించాడు."

తూలడానికి స్టాగర్ రాద్దామంటే, "ఆ మాట చూడగానే బీమా కంపెనీ వకీలుకు సారా వాసన కొడుతుంది" అంటున్నాడు పక్క బల్ల గుమస్తా. ప్రమాదంలో చనిపోయినవాడి తప్పు కూడా ఉందని తేలితే పరిహారం ఆ మేరకు తగ్గించేస్తారు. నిఘంటువు తెరిస్తే టాటర్, టీటర్, రీల్, లర్చ్, వాబుల్, స్టంబుల్, అన్నిటికీ ఎదురుగా తూలు, తడబడు అనే ఉంది. రెండో వాక్యానికి హెజిటేట్, వేవర్, వేసిలేట్, డిదర్ వరుసగా నిలబడ్డాయి. పాఠం చెప్పిన అనుభవం ఉన్నవాళ్లు విడమరచండి. ఎక్కడి నుంచో తెచ్చి అతికించే పని నేనూ చేయగలను.

జవాబు: టవర్‌క్లాక్ మాష్టారు, అనంతపురం

అమ్మా, డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ని. కొంచెం పొడుగవుతుంది, ఓర్చుకోండి.

తెలుగులో తూలడం అంటే కదలిక మాత్రమే. ఎందుకు తూలాడో పక్కన ఇంకో మాట చెప్పాలి: తాగి తూలాడు, ఉపవాసంతో తూలాడు, ఎండదెబ్బకు తూలాడు. ఇంగ్లీషు క్రియ చాలాసార్లు ఆ కారణాన్నో, తూలే మనిషి వయసునో కడుపులో పెట్టుకుని వస్తుంది. మీ చిక్కు అక్కడే ఉంది.

స్టాగర్ అంటే మోయలేనిది మీద పడ్డప్పటి నడక. అది మత్తు కావచ్చు, దెబ్బ కావచ్చు, నెత్తి మీద వేరుశనగ మూట కావచ్చు. పడిపోకుండా సాగుతూనే ఉంటాడు. తాగుడు ఒక్కటే దాని అర్థం కాదు కానీ, ఏ వివరమూ లేకుండా రాస్తే చదివేవాడి మనసు ముందు అటే పోతుంది. మీ గుమస్తా గట్టివాడు. రీల్‌లో కళ్లు తిరగడం ఉంటుంది, దెబ్బ తిన్న జాడ ఉంటుంది. మా జిల్లా కరువుతో రీల్ అవుతోందని ఇంగ్లీషు పత్రికల్లో ఎన్నిసార్లు చదివానో! టాటర్ నడక నేర్చే పిల్లలకు, పండుముసలివాళ్లకు, పడబోయే ప్రభుత్వాలకు. టీటర్‌కు అంచు కావాలి: గోడ చివర, ఎత్తు మడమల చెప్పుల మీద. వాబుల్ కాలు సరిలేని బల్లకు, వంకర పోయిన సైకిలు చక్రానికి.

స్టంబుల్‌ను మాత్రం వేరుగా చూడండి. ఆ మాట వినగానే కాలికి ఏదో తగిలిందని ముందు తోస్తుంది. రోడ్డు మీద గుంత ఉందని సాక్షి చెప్పి ఉంటే ఆ మాట రాయవచ్చు, లేకపోతే గుంతను మీరే తవ్వినట్టు.

ఇక రెండో వాక్యం. ఇక్కడ చూడాల్సింది కాలం. వేసిలేట్ చేయాలంటే తీరిక ఉండాలి. పెళ్లి సంబంధం విషయంలో నెలల తరబడి అటూ ఇటూ ఊగేవాళ్ల మాట అది. లారీ ముందు రెండు క్షణాలకు అది అతకదు. డిదర్‌లో విసుగు ఉంది, ఆ మాట రాస్తే చనిపోయినాయనను మీరు మందలించినట్టు. వేవర్ అంటే తీసుకున్న నిర్ణయం సడలడం, దీపం రెపరెపలాడటానికీ అదే మాట. చేయబోయి ఒక్క క్షణం ఆగడం హెజిటేట్. అది చాలు. "ముందుకా వెనక్కా" అన్నది మాత్రం వదలకుండా పూర్తిగా రాయండి, సాక్షి చూసింది అదే.

మొదటిదానికి నా ఓటు టాటర్‌కు.

జవాబు: దేవునికడప

మాష్టారూ, టాటర్‌తో ఒప్పుకోను. సాక్షి "తూలుకుంటూ" అన్నాడు. ఆ మాటలోనూ తాగుబోతు ఉన్నాడు, నీరసపడ్డ మనిషీ ఉన్నాడు. స్టాగర్‌లోనూ ఇద్దరూ ఉన్నారు. మూలంలో ఉన్న అనుమానాన్ని అనువాదంలోనూ ఉంచాలి కదా? బీమా వకీలు ఏమనుకుంటాడోనని మాట మారిస్తే అది వకాలతు అవుతుంది.

మా ఊళ్లో బ్రౌన్ దొర బంగళా ఉన్న చోట ఇప్పుడు గ్రంథాలయం ఉంది. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. జడ్జిగా పనిచేసిన మనిషి కాబట్టి ఇలాంటి వాంగ్మూలాలతో ఆయనా అవస్థపడే ఉంటాడు.

సరదాకు ఒకటి: హెజిటేట్‌కు లాటిన్ మూలంలో అంటుకుపోవడం అనే అర్థం ఉంది, వేసిలేట్‌కు ఊగడం. షిల్లీషాలీ అని ఇంకో మాట ఉంది, "చేయనా, చేయనా" అని తనను తాను అడుక్కునే ఇంగ్లీషు ప్రశ్న అరిగి అలా అయింది. మన మీనమేషాలకు సరిజోడు.

జవాబు: ఫిజియో, కర్నూలు

మద్యం చిన్నమెదడు మీద పనిచేస్తుంది. అందుకే చిన్నమెదడు జబ్బు ఉన్నవాళ్లు కాళ్లు ఎడంగా వేసి తూలుతుంటే జనం తాగారనుకుంటారు. ఒంట్లో చక్కెర బాగా పడిపోయినవాళ్లదీ అదే గతి: మాట ముద్దవుతుంది, నడక తప్పుతుంది. మధుమేహంతో అరికాళ్లలో స్పర్శ పోయినా, లోపలి చెవి దెబ్బతిన్నా తూలు వస్తుంది. రోడ్డు అవతల టీకొట్టు నుంచి చూసి కారణం చెప్పడం నా వల్ల కూడా కాదు. కారణం తెలియనప్పుడు మేము కేసు కాగితం మీద నడక అన్‌స్టెడీ అని రాసి ఊరుకుంటాం. అందులో సీసా లేదు, చేతికర్రా లేదు.

తుంగభద్ర టైపింగ్

ఫిజియో గారి మాటే తీసుకున్నాను. మాష్టారి టాటర్ మా వకీలు గారికి తెగ నచ్చింది, అందుకే నాకు అనుమానం వచ్చింది. సాక్షి "ముసలాయన" అని ఒకసారి చెప్పాడు, క్రియలో మళ్లీ ముసలితనం నేనెందుకు కలపాలి? కడప వారి వాదనలో పస ఉంది కానీ, తూలడం మన ఊళ్లలో ఎండకూ ఆకలికీ ఎంత మామూలు మాటో, స్టాగర్ అంత మామూలుగా వినపడదు. రెండోదానికి హెజిటేట్, పక్కనే ముందుకా వెనక్కా.

ఇంకొక్కటి. తర్వాతి వాక్యం: "లారీ ఒక్కసారిగా ఎడమకు ఊగింది." లర్చ్ రాయనా, స్వర్వ్ రాయనా?

టవర్‌క్లాక్ మాష్టారు

లర్చ్ ఓడల వాళ్ల మాట. బండి దానంతట అది ఒక్క కుదుపున ఒరగడం. స్వర్వ్ అంటే దారి తప్పి పక్కకు మళ్లడం, చదివేవాడికి అక్కడ స్టీరింగు మీద చెయ్యి కనపడుతుంది. మొదటిది రాస్తే డ్రైవరును విడిపించినట్టు, రెండోది రాస్తే పట్టించినట్టు. టీకొట్టాయనకు స్టీరింగు కనపడిందని వాంగ్మూలంలో ఎక్కడైనా ఉందేమో ముందు చూడండి. లేకపోతే ఒక్కసారిగా ఎడమకు కదిలిందని మాత్రం రాసి వదిలేయండి, మిగతాది వకీళ్లు కొట్టుకుంటారు.