కమాండర్ వెనక హౌసింగ్‌కి పగులు: వెల్డింగ్ కొట్టించాలా, మార్చేయాలా?

నర్సీపట్నం_కమాండర్
అన్నలకి నమస్కారం. మాది పాత మహీంద్రా కమాండర్ జీపు, ఫోర్ వీల్ డ్రైవ్ బండి. నర్సీపట్నం నుంచి చింతపల్లి, లంబసింగి వైపు సర్వీసు తిరుగుతుంది. తారు రోడ్డు దాటి లోపలి ఊళ్లకీ వెళ్తుంది. వెనక హౌసింగ్ (యాక్సిల్‌ని కప్పి ఉంచే ఇనుప తొడుగు) కింద గేర్ ఆయిల్ చెమ్మ కనిపిస్తుంటే సీలు పోయిందనుకుని మార్పించాను. అయినా ఆగలేదు. హౌసింగ్ శుభ్రంగా కడిగి, కిరోసిన్ పూసి తుడిచి, పైన సుద్దపొడి రుద్దితే కాసేపటికి నల్లగా ఒక గీత తేలింది. కుడివైపు ట్యూబు మధ్యలోని పోత భాగంలోకి దిగే చోట, కింది వైపు, బొటనవేలంత పొడవు ఉంది. ఇక్కడి మిస్త్రీ వెల్డింగ్ కొట్టేస్తే చాలంటాడు. వైజాగ్‌లో ఇంకొకాయన హౌసింగ్ మొత్తం మార్చమంటాడు. సీజన్ మొదలవుతోంది, బండి ఆపలేను. ఏం చేయమంటారు?

చోడవరం_చిన్నా
వెల్డింగే. మా బండికి చేయించి చాలా కాలమైంది, చుక్క కారలేదు.

వికారాబాద్_ట్రైల్స్
వెల్డింగ్ మాట మర్చిపో బ్రో. హౌసింగ్ అనేది రేడియేటర్ కాదు అతుకేసి వాడుకోడానికి. ఎలాగూ విప్పుతున్నావు కాబట్టి ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్‌కి వెళ్లిపో. నీ బండికి ఉన్నది సెమీ ఫ్లోటింగ్ అయితే షాఫ్టే చక్రాన్ని తిప్పాలి, బండి బరువూ అదే మోయాలి. షాఫ్ట్ విరిగిందంటే చక్రం ఊడి బయటికొచ్చేస్తుంది. ఫుల్ ఫ్లోటింగ్‌లో బరువంతా హబ్బు ద్వారా హౌసింగ్ మీద పడుతుంది, షాఫ్ట్ పని తిప్పడం ఒక్కటే. విరిగినా లాగి పక్కన పడేసి, ముందు చక్రాల మీద ఇంటికి రావచ్చు. నేను అనంతగిరి అడవిలో అలాగే వచ్చాను.

రేషియో_రాజు
మార్చాలనుకుంటే ముందు రేషియో చూడండి, అంటే చక్రం ఒక్క రౌండు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజన్ శక్తిని యాక్సిల్‌కి తెచ్చే కడ్డీ) ఎన్ని రౌండ్లు తిరగాలో. ఇప్పుడు వెనక ఎంత ఉంది, ముందు ఎంత ఉంది?

ఆటోనగర్_బాబాయ్
విజయవాడ ఆటోనగర్‌లో నా జుట్టు ఈ పని మీదే నెరిసింది కాబట్టి చెప్తున్నా. హౌసింగ్ వెల్డింగ్ నిలబడదు అనేవాళ్లంతా చెత్త వెల్డింగ్ చూసినవాళ్లే. మామూలు రాడ్డు పెట్టి టకటకా కొట్టేస్తే నిలబడదు, నేనూ ఒప్పుకుంటా. పద్ధతి వేరే ఉంది.

యాక్సిల్ కిందికి దించాలి, బండికి ఉండగా కాదు. షాఫ్టులు, క్రౌన్ (లోపలి పెద్ద పళ్ల చక్రం) మొత్తం తీసెయ్యాలి. పోత ఇనుము ఇన్నేళ్లూ నూనె తాగి ఉంటుంది, గ్యాస్ మంట పెడితే పొగలు కక్కుతుంది. ఆ పొగ ఆగేదాకా కాల్చాలి. లేకపోతే వెల్డ్ నిండా బుడగలే. తర్వాత పగులు రెండు కొసల్లో సన్న డ్రిల్లు వెయ్యాలి, అది ఇంకా ముందుకి పాకకుండా. గ్రైండర్‌తో వీ గాడి తియ్యాలి. చుట్టూ మెల్లగా వేడెక్కించి, నికెల్ రాడ్డుతో అంగుళం చొప్పున కొట్టి, ఎర్రగా ఉండగానే చిన్న సుత్తితో తట్టాలి. మళ్లీ ఇంకో అంగుళం. అయిపోయాక బూడిదలో పూడ్చి మర్నాటిదాకా ముట్టుకోకూడదు. మా దగ్గర అందరికీ తొందరే, సాయంత్రానికి బండి కావాలంటారు. నీళ్లు చల్లి చల్లార్చేవాళ్లని కూడా చూశా!

వికారాబాద్_ట్రైల్స్
బాబాయ్, ఇంత చేశాక కూడా గ్యారంటీ రాసిస్తారా?

ఆటోనగర్_బాబాయ్
నువ్వు తుక్కు కొట్టులో కొనే ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్‌కి ఆ కొట్టువాడు రాసిస్తాడా? అది ఏ బండిది, ఎన్ని లోయల్లో పడింది, లోపల ఎన్ని పగుళ్లున్నాయి అని అడిగావా ఎప్పుడైనా? నల్ల పెయింటు వేసి అమ్ముతారు. నువ్వు కొత్తదంటున్నది ఇంకొకడి పాతదే కదా.

వికారాబాద్_ట్రైల్స్
ఎర్ర డై స్ప్రే చేసి, తుడిచి, తెల్ల డెవలపర్ కొట్టి, పగుళ్లు లేవని చూసే కొన్నాను నాది. అందరూ కళ్లు మూసుకుని కొనరు. మీ ఆటోనగర్ సంగతి నాకు చెప్పకండి. ఒక పెద్ద షెడ్డులో నా హౌసింగ్‌కి అడుగున బలానికని ట్రస్ పట్టీ వెల్డ్ చేయిస్తే అరటిపండులా వంచి ఇచ్చారు. రెండు వెనక టైర్లూ ఒక పక్కే అరిగిపోయాయి. అడిగితే రోడ్లు బాగోలేవన్నారు.

ఆటోనగర్_బాబాయ్
అది మా షెడ్డు కాదు.

వికారాబాద్_ట్రైల్స్
మీదని నేనన్నానా?

రేషియో_రాజు
ఓపీ గారూ (థ్రెడ్ మొదలెట్టిన మీకే), రేషియో. క్రౌన్ పళ్లు ఎన్ని, దాన్ని తిప్పే పినియన్ పళ్లు ఎన్ని? 39కి 8 ఉంటే 4.88. 43కి 8 అయితే 5.38. పాత జీపుల్లో రెండూ తగులుతాయి, బయటికి ఒక్కలాగే కనిపిస్తాయి.

టొలీడో_తెలుగు
అమెరికాలో జీపులు తయారయ్యే టొలీడోలో ఉంటాను, ఉద్యోగం కూడా యాక్సిళ్లకి దగ్గరి పనే. బాబాయ్ గారు చెప్పిన పద్ధతి పుస్తకంలో ఉన్నట్టే ఉంది. అయితే ఒక మాట. నికెల్ వెల్డ్ తెగదు, దాని పక్కనున్న పోత ఇనుము తెగుతుంది. వేడి తగిలి చల్లారిన ఆ సన్నటి పట్టీ గట్టిపడి పెళుసెక్కుతుంది. అందుకే రెండోసారి పగులు వెల్డ్ పక్కన గీత గీసినట్టు వస్తుంది.

అసలు చూడాల్సింది పగులు ఎందుకొచ్చిందని. ఈ రకం హౌసింగ్‌లో ఉక్కు ట్యూబుని పోత భాగంలోకి బిగించి, పైనున్న రంధ్రాల్లోంచి వెల్డ్ చేస్తారు. ఆ అతుకులు వదిలితే ట్యూబు పోత భాగంలో తిరగడానికి చూస్తుంది. బండి లోడు మీద ఉన్నప్పుడు హౌసింగ్ మధ్యలో వంగుతుంది, ఆ లాగుడు అడుగు వైపు పడుతుంది. ఓపీ పగులు కూడా అడుగునే ఉంది. చక్రాన్ని బయటికి జరిపే ఆఫ్‌సెట్ రిమ్ములుంటే వంపు ఇంకా పెరుగుతుంది. రిమ్ములు మార్చారా? ఎంత లోడు వేస్తారు?

చోడవరం_చిన్నా
అమెరికాలో ఉండి చింతపల్లి లోడు అడుగుతున్నారు 😄

నర్సీపట్నం_కమాండర్
రిమ్ములు కంపెనీవే. లోడంటే అందరిలాగే. సంత రోజున కొంచెం ఎక్కువ ఉంటుంది.

చింతపల్లి_టీచర్
కొంచెం అంటే ఎంతో నేను చెప్తాను. లోపల మోకాళ్లు కదపలేనంత, టాప్ మీద బస్తాలు, వాటి మీద కుర్రాళ్లు, వెనక నిచ్చెన పట్టుకుని వేలాడేవాళ్లు. ఇన్నేళ్లుగా బడికి ఈ జీపుల్లోనే వెళ్తున్నాను. ఒకసారి మేమెక్కిన జీపుకి మలుపులో వెనక చక్రం షాఫ్టుతో సహా బయటికొచ్చేసింది. అదృష్టం, కొండ వైపుకి ఒరిగింది. ఆ డ్రైవరు కూడా మొన్ననే వెల్డింగ్ చేయించానన్నాడు.

ఆటోనగర్_బాబాయ్
అమ్మా, షాఫ్టుతో సహా చక్రం వస్తే అది బేరింగో, దాన్ని పట్టి ఉంచే బోల్టులో పోయి ఉంటాయి. హౌసింగ్ వెల్డింగ్‌కి దానికి సంబంధం లేదు.

చింతపల్లి_టీచర్
మీకు సంబంధం లేదు బాబాయ్ గారూ, ఎక్కి కూర్చున్నవాళ్లకి ఉంది.

నర్సీపట్నం_కమాండర్
మేడమ్, మీరు జీపు ఎక్కకపోతే బడికి ఎలా వెళ్తారో చెప్పండి. లోపలి ఊళ్లకి బస్సు రాదు. మేం లోడు తగ్గిస్తే మిగిలినవాళ్లు నడవాలి. ఛార్జీ పెంచితే తిట్టేదీ మీరే. ఈ వికారాబాద్ అన్నకి ఆదివారం ఆట. షాఫ్ట్ విరిగినా ఫొటో తీసి పెట్టుకుంటాడు. నాకు బండి ఆగితే ఆ రోజు కిస్తీ ఆగుతుంది. ఫుల్ ఫ్లోటింగ్ అంటూ నాలుగు చోట్లకి ఫోన్లు చేస్తే చెప్పిన రేట్లకి ఇంకో పాత బండే వచ్చేలా ఉంది.

వికారాబాద్_ట్రైల్స్
ఆట అవునో కాదో, విరిగితే నా ఒక్కడి మెడ విరుగుతుంది. నీ బండిలో ఎంతమంది మెడలున్నాయో టీచర్ గారు చెప్పారుగా. బండి సొంత వాడకం ప్లేటా, పసుపు ప్లేటా? తెల్ల ప్లేటుతో కిరాయికి తిప్పితే, ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వాడు నీ మొహం కూడా చూడడు.

నర్సీపట్నం_కమాండర్
ప్లేటు రంగు గురించి అడిగానా నేను? హౌసింగ్ గురించి అడిగాను.

లోగేర్_లోకేష్
యాక్సిల్ రకం మారిస్తే ఆర్టీఓ గొడవ కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఒకసారి చూడండి. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా మార్చకూడదన్నారు. పోయిన దాని చోట అదే రకం వేస్తే పేచీ లేదు.

రేషియో_రాజు
అదే రకం అంటే అదే రేషియో కూడా. ఓపీ గారూ, మీరు అందరికీ జవాబిచ్చారు, నాకు తప్ప. పళ్లు లెక్కపెట్టడానికి విప్పక్కర్లేదు. ముందు చక్రాలకి దిమ్మలు పెట్టి, వెనక రెండూ జాకీ మీదికి లేపి స్టాండ్ల మీద ఉంచండి. గేర్ న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్ వదిలెయ్యండి, పాత జీపుల్లో అది ప్రొపెల్లర్ షాఫ్ట్‌నే పట్టుకుంటుంది. ఒక చక్రాన్ని కదలకుండా పట్టుకుని రెండోదాన్ని సరిగ్గా రెండు రౌండ్లు తిప్పండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని రౌండ్లు తిరిగితే అదే రేషియో. ముందు యాక్సిల్‌కీ ఇలాగే చూడండి.

నర్సీపట్నం_కమాండర్
అన్నా, మీ పోరు పడలేక ఈ సాయంత్రం తిప్పి చూశాం. వెనక ఐదుంపావు దాటి ఐదున్నరకి కొంచెం తక్కువ. ముందు అయిదుకి కాస్త తక్కువ. ముందుదానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ లేదు, అది బిగించే ఫ్లాంజ్‌ని చేత్తో తిప్పి లెక్కపెట్టాం. అయితే ఏంటి? బండి బాగానే నడుస్తోందిగా.

రేషియో_రాజు
ముందు షాఫ్ట్ లేదా? ఏమైంది?

నర్సీపట్నం_కమాండర్
మా అన్నయ్య బండి నడిపినప్పుడు వెనక యాక్సిల్ ఒకసారి మార్చారు, తుక్కులో కొన్నదే. తర్వాత ఫోర్ వీల్ వేస్తే బండి బిగుసుకుపోయి, లివర్ వెనక్కి రాకుండా ఇబ్బంది పెట్టేదట. మిస్త్రీ ముందు షాఫ్ట్ తీసేసి షెడ్డులో పడేశాడు. ఎక్కుడు వస్తే లో గేర్ వేసుకుని లాగిస్తాం.

టొలీడో_తెలుగు
ఇంకేం కావాలి! రెండు యాక్సిళ్ల రేషియోలు వేరైతే, ఒకే వేగంతో తిరిగే షాఫ్టులతో ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేర్వేరు దూరాలు నడవాలని చూస్తాయి. నేల జారకపోతే ఆ బిగువంతా ట్రాన్స్‌ఫర్ కేసులో (ముందు, వెనక యాక్సిళ్లకి శక్తి పంచే పెట్టె) పేరుకుంటుంది. అందుకే లివర్ రాలేదు. ఇప్పుడు ముందు షాఫ్ట్ తీసేసి లో వేస్తున్నారు. పాత జీపు లో అంటే టార్క్ దాదాపు రెండున్నర రెట్లు. నాలుగు చక్రాలు పంచుకోవలసిందంతా వెనక హౌసింగ్ ఒక్కటే మోస్తోంది, పైన సంత లోడుతో. వెల్డ్ చేసినా, మార్చినా, ఇలాగే నడిపితే ఇంకోటి పగులుతుంది.

ఆటోనగర్_బాబాయ్
నేను వెల్డింగ్ నిలబడుతుందన్నది నాలుగు చక్రాలూ లాగే బండికి. దీనికి కాదు. తమ్ముడూ, ముందుదానికి సరిపోయే 4.88 హౌసింగ్ క్రౌన్, పినియన్‌తో సహా దొరికితే అదే వెయ్యి. దొరకలేదంటే నీ హౌసింగ్ పట్టుకురా, వెల్డ్ చేసి రెండు ట్యూబులూ తిన్నగా ఉన్నాయో లేదో బారు పెట్టి చూసి ఇస్తా. కానీ టాప్ మీద మనుషుల్ని ఎక్కిస్తానంటే మాత్రం నా దగ్గరికి తేవద్దు.

చోడవరం_చిన్నా
బాబాయ్ కూడా ప్లేటు తిప్పేశాడు.

ఆటోనగర్_బాబాయ్
చిన్నా, నీ బండి టాప్ మీద ఎంతమందిని ఎక్కిస్తావో నువ్వూ చెప్పు, విందాం.

చింతపల్లి_టీచర్
కుర్రాళ్లని దించితే సగం సమస్య తీరుతుంది. లోపల కూర్చున్నవాళ్లం మనిషికి ఇంకొంచెం ఇస్తాం. నా మట్టుకు నేను ఇస్తాను, మిగతావాళ్ల మాట చెప్పలేను.

నర్సీపట్నం_కమాండర్
మిగతావాళ్ల మాటే కదా మేడమ్ అసలు గొడవ. నేను దించితే వెనకొచ్చే జీపువాడు ఎక్కించుకుంటాడు. సరే, బండి రేపటి నుంచి దిగుతోంది. అనకాపల్లిలో ఒకచోట 39 పళ్ల క్రౌన్‌తో హౌసింగ్ ఉందన్నారు, డై స్ప్రే పట్టుకుని వెళ్తున్నా. ముందు షాఫ్ట్ జాయింట్ల క్రాసులు రెండూ పట్టేశాయి, అవీ కొనాలి. సంత రోజుకి బండి లేచేది కష్టమే.

పెందుర్తి_పెట్రోల్
థ్రెడ్ మొత్తం చదవలేదు. ఫుల్ ఫ్లోటింగ్ షాఫ్టుల జత ఎవరైనా అమ్ముతున్నారా? మెసేజ్ పెట్టండి.