ఆదివారం తెల్లారి 5కి ఎల్‌ఎస్‌యూ మీద ఏ అండ్ ఎం, 1994 తర్వాత ఈసారైనా అక్కడ గెలుస్తామా?

గేట్‌బజార్ కుర్రోడు, బరంపురం

నమస్తే అందరికీ. మా తమ్ముడు టెక్సస్ ఏ అండ్ ఎంలో ఎంఎస్ చేస్తన్నాడు. వాడి వల్ల నాక్కూడా ఈ అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ పిచ్చి పట్టీసింది, మొదట్లో రగ్బీలాంటిదేదో అనుకునీవాడిని, ఇప్పుడు శనివారం వచ్చిందంటే నిద్రుండట్లేదు. ఈ శనివారం, అదే 2025 అక్టోబర్ 25న, మనవాళ్ళు బాటన్ రూజ్ వెళ్ళి అక్కడి ఎల్‌ఎస్‌యూతో, అంటే లూసియానా స్టేట్ యూనివర్సిటీతో ఆడతన్నారు. అక్కడ సాయంత్రం ఆరున్నర అంటే మనకి ఆదివారం తెల్లారి 5. మనం 7-0, అంటే ఏడు గెలిచి ఒక్కటీ ఓడలేదు, ర్యాంకు 3. వాళ్ళు 5-2, ర్యాంకు 20, పోయిన వారమే వాండర్‌బిల్ట్ చేతిలో 31-24 ఓడిపోయి ఉన్నారు. ఇలా చూస్తే భయపడక్కర్లేదు గానీ మా వాడు ఫోన్ చేసినప్పుడల్లా 1994, 1994 అంటన్నాడు, ఆ ఏడాది తర్వాత అక్కడ మనం ఒక్కసారీ గెలవలేదట. వాడు పుట్టిందే ఆ తర్వాత, వాడికెందుకో ఆ బాధ.

తెలిసినవాళ్ళు చెప్పండి, ఇది ఉత్త సెంటిమెంటా, లేక నిజంగా ఆ స్టేడియంలో ఏటైనా ఉందా? ఇంకోటి, ఆర్కాన్సా మీద గెలిచాం గానీ 45-42, అంటే 42 ఇచ్చీసాం, నాకైతే దానికే ఎక్కువ గుబులుగా ఉంది. మా వాడూ రూమ్మేట్సూ కారేసుకుని వెళ్తన్నారు మ్యాచ్‌కి, మా అమ్మకి ఇంకా చెప్పలేదు.

పర్లాకిమిడి టు హ్యూస్టన్

తమ్ముడూ, నాది పర్లాకిమిడి. ఏ అండ్ ఎంలోనే చదివి ఇప్పుడు హ్యూస్టన్‌లో ఉంటన్నాను, అంచేత కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపికుంటే చదువు.

మనం ఎల్‌ఎస్‌యూ ఉన్న ఎస్‌ఈసీ లీగ్‌లోకి వచ్చింది 2012లో. అప్పట్నించి బేసి సంవత్సరాల్లో మనం బాటన్ రూజ్ వెళ్తాం, సరి సంవత్సరాల్లో వాళ్ళు మన స్టేడియం కైల్ ఫీల్డ్‌కి వస్తారు. 2013లో 34-10, 2015లో 19-7, 2017లో 45-21, 2019లో 50-7, 2021లో 27-24, 2023లో 42-30. ఆరుకి ఆరూ పోయాయి, అది నిజమే. కానీ ఆరిట్నీ ఒకే గాటన కట్టీకూడదు. 2019లో అవతల క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపీవాడు) జో బరో, ఆ టీమ్ ఆ ఏడాది ఒక్క మ్యాచ్ ఓడకుండా ఛాంపియన్ అయింది, వాళ్ళ మీదకి ఎవడెళ్ళినా అదే గతి. 2023లో జేడెన్ డేనియల్స్, కాలేజీ ఆటలో ఆ ఏటి మేటి ఆటగాడికిచ్చే హైజ్‌మన్ ట్రోఫీ కొట్టిన ఏడాది, మన దగ్గరేమో కోచ్ జింబో ఫిషర్‌ని దానికి రెండు వారాల ముందే పీకీసి తాత్కాలిక కోచ్‌తో వెళ్ళాం, ఆ స్థితిలో 30 కొట్టడమే గొప్ప. చేతిదాకా వచ్చి జారిపోయిందంటే 2021దే, ఇంకా 20 సెకన్లుందనగా టచ్‌డౌన్ (బంతిని మన చివరి గీత దాటించడం, ఆరు పాయింట్లు) వేసీసి పట్టుకుపోయారు. అంచేత నన్నడిగితే స్టేడియం ఓడించింది ఒకసారో రెండుసార్లో, మిగతావి వాళ్ళ టీమ్ బాగుండి గెలిచినవి.

ఈ ఏడాది వాళ్ళ టీమ్ అలాంటిది కాదు, అసలు విషయం అక్కడుంది. స్కోర్లు చూడు. క్లెమ్సన్ మీద 17, ఫ్లోరిడా మీద 20, ఓల్ మిస్ మీద 19, సౌత్ కరోలినా మీద 20. పెద్ద టీముల మీద 20 దాటింది ఒక్క వాండర్‌బిల్ట్ మీదే, అదీ ఓడారు. ఎందుకంటే బంతి పట్టుకుని పరిగెత్తే ఆట వాళ్ళకి లేదు, లైన్‌లో కుర్రాళ్ళు దారి తియ్యలేకపోతన్నారు, మొత్తం బరువు క్వార్టర్‌బ్యాక్ నస్‌మైయర్ చెయ్యి మీదే పడతంది.

నువ్వు ఆర్కాన్సా 42 అన్నావు కదా, దానికి భయపడు గానీ ఇక్కడికి తెచ్చి భయపడకు. అక్కడ క్వార్టర్‌బ్యాక్ టేలెన్ గ్రీన్ పొడుగు మనిషి, కాళ్ళతో పరిగెడతాడు, పాస్ వేస్తాడో పరిగెడతాడో తెలీక మన డిఫెన్స్ మధ్యలో ఊగిపోయింది. నస్‌మైయర్ అలా కాదు, నిలబడి విసిరే రకం. నిలబడేవాడి మీదకి మన డిఫెన్స్‌లో కేషియస్ హావెల్ లాంటివాడు అంచునుంచి దూసుకొస్తే ఏటవుద్దో నువ్వే ఊహించుకో. ఆబర్న్ మన మీద థర్డ్ డౌన్ (పది గజాలు వెళ్ళడానికుండే నాలుగు ఛాన్సుల్లో మూడోది) 13 సార్లు ఆడి ఒక్కసారీ గజాలు పూర్తి చెయ్యలేదు, గుర్తుందా. ఎల్‌ఎస్‌యూ ఫస్ట్ డౌన్‌లో ఒక గజం, సెకండ్‌లో రెండు గజాలు తీసి థర్డ్ డౌన్‌కి ఏడు గజాలు మిగుల్చుకుంటే అదే కథ మళ్ళీ నడుస్తాది.

నా లెక్క 31-20, మనదే.

గుణుపూర్ టు బాటన్ రూజ్

హ్యూస్టన్ గారూ, స్టేడియం ఒకసారో రెండుసార్లో ఓడించిందని అంత తేలిగ్గా రాసీసారు, మీరెప్పుడైనా రాత్రి మ్యాచ్‌కి మా టైగర్ స్టేడియం లోపల కూర్చున్నారా? నేను ఎల్‌ఎస్‌యూలో చదివాను, ఈ ఊళ్ళోనే ఉంటన్నాను. 1924లో తెరిచిన స్టేడియం, 1,02,321 మంది పడతారు. మీ కైల్ ఫీల్డ్ 1,02,733, నాలుగొందలు మీకే ఎక్కువ, కాదనను. కానీ 1988 అక్టోబర్ 8న ఆబర్న్ మీద ఆఖర్లో ఒక్క టచ్‌డౌన్ పడి మేం 7-6తో గెలిస్తే, జనం అరిచి గెంతిన దానికి మా క్యాంపస్‌లో ఉన్న భూకంపాలు కొలిచే మిషను కదిలింది. ఇప్పటికీ దాన్ని భూకంపం మ్యాచ్ అనే అంటారు. మీ వైపు అలాంటిదేటైనా ఉంటే చెప్పండి.

రోడ్డుకి అవతలే పులి కూడా ఉంది, మైక్ అని, నిజం పులే, బొమ్మ కాదు. పోయిన ఏడాది అలబామా మ్యాచ్‌కి గవర్నర్ గారు మైక్ చాలదన్నట్టు ఫ్లోరిడా నుంచి ఇంకో పులిని తెప్పించి మైదానంలోకి తీసుకొచ్చారు, 42-13 ఓడాం. పులి వల్ల గెలుస్తామని నేనైతే అనను, జనం వల్ల గెలుస్తాం.

ఆట సంగతికొస్తే మా పరుగు ఆట గురించి మీరన్నది ఒప్పుకుంటాను, నస్‌మైయర్‌కి కూడా సీజన్ మొదట్నించీ ఒంట్లో నొప్పి ఉందంటన్నారు, పాత చురుకుదనం లేదు. కానీ మా డిఫెన్స్ గురించి ఒక్క ముక్కా రాయలేదు మీరు. ఫ్లోరిడా క్వార్టర్‌బ్యాక్ కుర్రాడు లాగ్‌వే చేత ఒకే రాత్రి అయిదు ఇంటర్‌సెప్షన్లు (వాడు విసిరిన బంతి మా చేతికి చిక్కడం) వేయించాం ఇదే మైదానంలో. మీ క్వార్టర్‌బ్యాక్ మార్సెల్ రీడ్ మంచి ఆటగాడే, పోయిన ఏడాది మేం 17-7 ముందున్నప్పుడు మధ్యలో దిగి మూడు టచ్‌డౌన్లు తనే పరిగెత్తి 38-23 చేసీసాడు, మర్చిపోలేదు. అది మీ ఊరు కాలేజ్ స్టేషన్‌లో, మీ జనం మధ్యలో. ఇక్కడ వాడికి తన మాట తనకే వినపడదు. పైగా మీ రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) లెవియాన్ మాస్ మా బాటన్ రూజ్ కుర్రాడే, ఫ్లోరిడా మ్యాచ్‌లో దెబ్బ తగిలించుకుని కూర్చున్నాడు. 27-24, మాదే.

రాయగడ రెడ్‌కార్డ్

ఏటిది బాబూ, ఫుట్‌బాల్ అని తెరిచాను, కాలితో తన్నేవాడు ఎక్కడా కనిపించడు. సరే వచ్చాను కాబట్టి ఒకటి చెప్తాను. మన ఒడిశా ఎఫ్‌సీ 2023 సెప్టెంబర్‌లో కళింగ స్టేడియంలో, మన సొంత జనం ముందు, మోహన్ బగాన్ చేతిలో 4-0 తిన్నది. అదే మోహన్ బగాన్‌ని నవంబర్‌లో కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంకి వెళ్ళి, వాళ్ళ జనం ముందు, 5-2 కొట్టింది. మళ్ళీ 2024 ఏప్రిల్ సెమీఫైనల్లో ఇక్కడ 2-1 గెలిచి, అక్కడికెళ్ళి 2-0 ఓడి ఇంటికొచ్చీసింది. ఇప్పుడు చెప్పండి జనం గెలిపిస్తారా ఓడిస్తారా. నాకు తెలిసినంతలో మొదటి పావుగంట గోల్ పడకుండా లాక్కెళ్తే సాల్ట్‌లేక్‌లో అరుపులు వాళ్ళ ఆటగాళ్ళ మీదకే తిరుగుతాయి, సొంత జనం విసుగు కంటే పెద్ద శత్రువు లేడు. మీ ఆటకి ఇది పనికొస్తాదో లేదో మీరే చూసుకోండి, ఈ ఏడాది మన ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్ ఎప్పుడు మొదలవుద్దో దిక్కులేక మీ థ్రెడ్‌లో కూర్చున్నాను.

గేట్‌బజార్ కుర్రోడు, బరంపురం

రెడ్‌కార్డ్ అన్నా సూపర్ 😂 ఆ 5-2 నేనూ చూసాను.

గుణుపూర్ అక్కా, తన మాట తనకే వినపడదు అన్నారు కదా, దాని గురించే అడుగుదామనుకున్నాను. క్వార్టర్‌బ్యాక్ అరిచి చెప్తేనే కదా బంతి వెనక్కి వచ్చీది? మరి వినపడకపోతే ఎలా మొదలెడతారు?

పర్లాకిమిడి టు హ్యూస్టన్

మంచి ప్రశ్న తమ్ముడూ. సైలెంట్ కౌంట్ అంటారు. క్వార్టర్‌బ్యాక్ కాలో చెయ్యో ఎత్తి సైగ చేస్తాడు, బంతి వెనక్కి ఇచ్చీవాడు సెంటర్, అతని పక్కనున్న గార్డ్ వెనక్కి చూసి ఆ సైగ పట్టుకుని సెంటర్‌ని తడతాడు, సెంటర్ తల ఊపి ఒక లెక్క పెట్టుకుని బంతి వదుల్తాడు. చెప్పడానికి బాగానే ఉంది గానీ ఇబ్బంది ఏటంటే అవతలి డిఫెన్స్ వాడు కూడా ఆ తలే చూస్తా ఉంటాడు. మూడు నాలుగు ఆటలయ్యేసరికి లెక్క పట్టీసి మనకంటే ముందే దూకుతాడు. దాంతో కంగారుపడి మన లైన్ చివర నిలబడే టాకిల్ ఒక్క క్షణం ముందు కదిలితే ఫాల్స్ స్టార్ట్, అయిదు గజాలు వెనక్కి. అక్క చెప్పిన జనం నిజంగా చేసీ నష్టం ఇదే, గుండె దడ గిడ కాదు. మనవాళ్ళకి పెనాల్టీల జబ్బు ముందే ఉంది, కైల్ ఫీల్డ్‌లో ఆబర్న్ మీద చూసాం కదా, ఎన్ని జెండాలు పడ్డాయో. అంచేత ఆ ఒక్క విషయంలో అక్క మాటకి ఎదురు చెప్పను.

కానీ ఈ టీమ్ బయట ఆడలేదా అంటే ఆడింది. సెప్టెంబర్ 13, సౌత్ బెండ్, నోటర్ డేమ్ మీద. 13 సెకన్లుంది, నాలుగో డౌన్, పదకొండు గజాలు కావాలి, ఆరు పాయింట్లు వెనకున్నాం, రీడ్ వెనక్కి వెనక్కి వెళ్ళి మన బోర్‌కర్చర్‌కి వేసాడు, టచ్‌డౌన్, ఆ మీద ఎక్స్‌ట్రా పాయింట్‌తో 41-40. ర్యాంకున్న టీమ్ మీద బయటికెళ్ళి గెలవడం 2014 తర్వాత అదే మొదలు. ఆ పదకొండేళ్ళ దరిద్రం వదిలిన టీముకి 1994 ఒక లెక్కా. మన కోచ్ ఎల్కో డిఫెన్స్ మనిషి, బయట మ్యాచుల్లో తొందరపడి ఆడించడు. నాకైతే భయం రీడ్ మీద లేదు, మొదటి క్వార్టర్‌లో ఈ ఫాల్స్ స్టార్ట్‌లు రెండు మూడు పడి, పంట్ చేసి (బంతిని అవతలివాళ్ళకి దూరంగా తన్నీసి), వాళ్ళకి మంచి చోట బంతి దొరికి 10-0 అయిందా, ఇంక ఆ స్టేడియంలో కూర్చోలేం. అది లేకుండా గడిచిందా, రాయగడ అన్న చెప్పిందే జరుగుతాది, వాండర్‌బిల్ట్ చేతిలో 1990 తర్వాత మొదటిసారి ఓడిన జనం వాళ్ళు, కోచ్ బ్రయన్ కెల్లీ మీద ఇప్పటికే మండిపడతన్నారు, హాఫ్ టైమ్‌కి మనం ముందుంటే ఆ అరుపులన్నీ ఆయనకే.

ఇంకో చిన్న మాట. మన కేసీ కన్సెప్షన్ మీద కన్నేసి ఉంచు, పాసులు పట్టడం ఒక్కటే కాదు, పంట్ తిరిగి తేవడంలో. మొదటి మ్యాచ్‌లోనే యూటీఎస్‌ఏ టీమ్ మీద ఒకటి టచ్‌డౌన్‌కి తెచ్చీసాడు. జనం గోల అయిదు గజాలు తినీస్తే అలాంటిది ఒక్కటి పడితే చాలు.

గోపాల్‌పూర్ సముద్రం

మీరంతా ఆట గురించి రాస్తన్నారు, నేను కరెంటు గురించి రాస్తాను. సముద్రంలో వాయుగుండం అంటన్నారు, వారం మొదట్లో తుఫాను అయ్యేలా ఉందని వార్తలు. 2013లో ఫైలిన్ మా మీదే ఎక్కింది, ఎన్నాళ్ళు చీకట్లో ఉన్నామో నాకు తెలుసు. ఆదివారం తెల్లారేసరికి అంత రాదులే గానీ ఫోనూ పవర్‌బ్యాంకూ శనివారం రాత్రే నింపీసుకోండి. శనివారం నాగుల చవితి, పొద్దున్నే పుట్ట దగ్గరకెళ్ళి పాలు పోసి రావాలి, రాత్రి పెందలాడే పడుకుంటే 5కి లేవగలం. మా ఇంట్లో ఒరియా కోడలు, ఆమె కార్తీకం మనకంటే ముందే మొదలైపోయింది, ఇప్పుడు మనదీ మొదలైంది, మ్యాచ్ చూస్తా చికెన్ పకోడీ అనే మాట ఎత్తకండి ఎవరూ. ఉల్లి లేని పెసరట్టుతో సరిపెట్టుకుంటన్నాం.

గుణుపూర్ టు బాటన్ రూజ్

బరంపురం తమ్ముడూ, మీ వాడి గురించి. మెరూన్ చొక్కా వేసుకునే రమ్మను, పర్లేదు. స్టేడియం చుట్టూ నడిచినప్పుడు మావాళ్ళు ‘టైగర్ బెయిట్’ అని మొహం మీదే అరుస్తారు, అంటే పులికి ఎర అని, కోపం తెచ్చుకోవద్దు, నవ్వి చెయ్యి ఊపితే ఆ అరిచినోళ్ళే టెంట్ కిందకి పిలిచి జంబలాయా (మాంసం కలిపి వండిన అన్నం) పెడతారు. దాంట్లో ఏ మాంసం పడిందో అడిగి తినమను, ముఖ్యంగా కార్తీకం పాటిస్తే. మామూలు బ్యాగులు లోపలికి రానివ్వరు, లోపలివి కనిపించే ప్లాస్టిక్ బ్యాగ్ అయితేనే.

పర్లాకిమిడి టు హ్యూస్టన్

అక్క చెప్పినవన్నీ కరెక్టే. దారి సంగతి నేను చెప్తాను. కాలేజ్ స్టేషన్ నుంచి హ్యూస్టన్ మీదుగా ఐ-10 పట్టుకుంటే ఐదారు గంటలు, కానీ బాటన్ రూజ్ ముందు మిసిసిపి నది బ్రిడ్జి దగ్గర మామూలు రోజుల్లోనే కార్లు కదలవు, మ్యాచ్ రోజు ఇంక చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం రెండు లోపు బ్రిడ్జి దాటీలా బయల్దేరమను. మ్యాచ్ అయిన రాత్రే తిరిగి డ్రైవ్ చెయ్యొద్దని గట్టిగా చెప్పు, గెలిచినా సరే. కావాలంటే మా ఇంట్లో పడుకుని ఆదివారం వెళ్ళమను, నీకు మెసేజ్‌లో నంబరు పెడతన్నాను.