ఆర్కిటెక్చర్ నుంచి ఎక్స్‌ఆర్ (వీఆర్, ఏఆర్ లాంటివన్నీ కలిపి) డిజైన్‌లోకి రావాలంటే ఏం నేర్చుకోవాలి? యూనిటీ వస్తే సరిపోతుందా?

బెజవాడ_ప్లాన్లు:

నమస్తే అందరికీ. బీఆర్క్ అయ్యాక విజయవాడలో ఒక ఇంటీరియర్స్ ఆఫీసులో చేస్తున్నాను. రోజూ ఆటోక్యాడ్, స్కెచప్, లూమియాన్‌తోనే పని. ఈమధ్య ఒక క్లయింటుకి వాళ్ల ఫ్లాట్‌ని వీఆర్ హెడ్‌సెట్‌లో, అంటే కళ్లకి పెట్టుకుంటే ఆ గదిలోనే ఉన్నట్టు కనిపించే పరికరంలో, చూపించాం. ఆవిడ వంటగట్టు ముందు నిలబడి చెయ్యి పైకి చాచి, "ఈ పై షెల్ఫు నాకు అందదమ్మా" అన్నారు. అవే కొలతలున్న డ్రాయింగు చూసి అంతకుముందు సరేనన్నదీ ఆవిడే. అప్పటినుంచి నాకు ఈ పనిలోకే రావాలని ఉంది.

అడుగుదామంటే మా చుట్టుపక్కల ఈ ఫీల్డులో ఎవరూ లేరు. యూట్యూబ్‌లో వీఆర్ సీన్లు కట్టే సాఫ్ట్‌వేర్ అంటే ఒకరు యూనిటీ అంటారు, ఒకరు అన్‌రియల్ అంటారు, ఇంకొకరు 3డీ మోడల్స్ చేసే బ్లెండర్ రాకపోతే ఇటువైపు రావద్దంటారు. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌కి ఫోన్ చేస్తే మెటావర్స్ కోర్సు అని చెప్పి లక్ష దాటిన ఫీజు అడిగారు. సిలబస్ మాత్రం జాయినయ్యాకే ఇస్తారట.

నాకు కోడింగ్ అసలు రాదు, అది పెద్ద అడ్డమా? సొంత హెడ్‌సెట్ లేదు, ఆఫీసుది అడిగితే ఆదివారాలు ఇస్తారు. అలా మొదలుపెట్టొచ్చా? మళ్లీ ఎండిజైన్ చెయ్యాలా? ఇంటర్వ్యూలో ఏం చూస్తారు? నేను ఉద్యోగం మానేస్తానేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్. మానకుండానే నేర్చుకోవాలని నా ఆలోచన.

భద్రత_డిజైనర్:

చెల్లీ అనే పిలుస్తున్నాను, వయసులో నేనే పెద్దదాన్ని అయ్యుంటాను. ఫ్యాక్టరీ కార్మికుల భద్రతా శిక్షణకి వీఆర్ డిజైన్ చేయడం నా పని. పటాన్‌చెరు, జీడిమెట్ల వైపు యూనిట్లలో మావి వాడతారు. గేముల సంగతి వేరేవాళ్లు చెప్పాలి, నాకు తెలిసింది ఇదే.

ముందు ఆ ఫీజు కట్టకు. సిలబస్ చూపించని చోట నేర్చుకోవడానికి ఏమీ ఉండదు. యూనిటీ లెర్న్‌లో వీఆర్ డెవలప్‌మెంట్ పాఠాలు మొదటినుంచి చివరిదాకా ఉచితం. బ్లెండరూ ఉచితమే. ఎండిజైన్ చేయగలిగితే మంచిదే. ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం ఉంది, సీడ్ అనే ప్రవేశపరీక్ష రాసి చేరొచ్చు. కానీ అది లేకపోతే ఉద్యోగం రాదన్న మాట నిజం కాదు, మా టీములో అది లేనివాళ్లే ఎక్కువ.

ఇక అసలు విషయం. ఆవిడ చెయ్యి చాచడం నువ్వు గమనించావు చూడు, ఈ పనికి అన్నిటికంటే ముందు కావలసింది అదే. చెయ్యి ఎంత దూరం పోతుంది, మెడ ఎంతవరకు హాయిగా తిరుగుతుంది, మనిషి ఎక్కడ ఆగి తడబడుతున్నాడు, ఇవి చూడగలగాలి. సాఫ్ట్‌వేర్ కొన్ని నెలలు కూర్చుంటే ఎవరికైనా వస్తుంది. ఈ చూపు రావడానికి చాలా ఎక్కువ కాలం పడుతుంది. ఆర్కిటెక్చర్ చదివినవాళ్లకి అందులో సగం ముందే వచ్చి ఉంటుంది, గుమ్మం ఎత్తు, మెట్టు వెడల్పు, గట్టు ఎత్తు నీకు నోటికి వచ్చు కదా.

ఒక ఉదాహరణ వివరంగా చెబుతాను. మంటలార్పే సిలిండర్ వాడటం నేర్పే మాడ్యూల్. పిన్ను లాగాలి, గొట్టం మంట మొదట్లోకి గురిపెట్టాలి, పిడి నొక్కాలి, అటూ ఇటూ ఊపాలి. రాసుకుంటే నాలుగే పనులు. కానీ పిన్ను లాగేటప్పుడు ఒక చెయ్యి పిడి మీద ఉంటుంది, రెండోది దానికి ఆనుకునే ఉంటుంది. కంట్రోలర్లు లేకుండా ఉత్త చేతులతో చేయిద్దామంటే, ఒక చెయ్యి రెండో చేతిని హెడ్‌సెట్ కెమెరాలకి కనపడకుండా కప్పేస్తుంది. ట్రాకింగ్ పోతుంది, లోపలున్న మనిషికి తన చెయ్యే మాయమవుతుంది. అందుకే అక్కడ కంట్రోలర్లే ఉంచాం. పిన్ను కంటికి కనిపించే సైజు అసలు పిన్నంతే, పట్టుకోవడానికి వీలయ్యే చోటు మాత్రం దాని చుట్టూ బాగా పెంచాం. కొత్తవాళ్లలో కొందరు చూపుడువేలి దగ్గరి బటన్ నొక్కుతారు, కొందరు అరచేతి పక్కది నొక్కుతారు. కాబట్టి పిన్ను రెండింటికీ వస్తుంది. డిజైనర్ ఉద్యోగమంటే రోజంతా ఇలాంటి నిర్ణయాలే. కోడ్ రాసేవాళ్లు పక్కన ఉంటారు.

వీటిలో చాలావరకు హెడ్‌సెట్ పెట్టుకోకముందే తేలిపోతాయి. మేం మొదట అట్టపెట్టెలు, చీపురుకర్ర పెట్టుకుని నటించి చూస్తాం. ఒకరు కార్మికుడు, ఇంకొకరు పక్కన నిలబడి కాగితం మీద రాసిన ప్యానెళ్లు సరైన ఎత్తులో పట్టుకుంటారు. తర్వాత యూనిటీలో బూడిదరంగు పెట్టెలతో అదే సీను కడతాం. రంగులు, నునుపులు అన్నీ చివర్న.

తెలుగు అక్షరాల సంగతి ఏ కోర్సులోనూ నేను చూడలేదు, అందుకే చెబుతున్నాను. యూనిటీలో అక్షరాలు చూపించడానికి అందరూ వాడే టెక్స్ట్‌మెష్ ప్రోకి మన ఒత్తులు కలపడం రాదు. "ప్రమాదం" అని టైప్ చేస్తే ముందు పకారపొల్లు పడుతుంది, దాని పక్కన "రమాదం" విడిగా నిలబడుతుంది. భద్రతా శిక్షణలో ఆ ఒక్క మాటే చదవలేకపోతే ఇంకేం నేర్పినట్టు? అందుకని మారని రాతలన్నీ ఫిగ్మా అనే డిజైన్ టూల్‌లో టైప్ చేసి బొమ్మలుగా పెడతాం. అన్‌రియల్‌లో అక్షరాలు కలిపే హార్ఫ్‌బజ్ ముందే ఉంది కాబట్టి ఈ బాధ తక్కువ. అసలు రాత వీలైనంత తగ్గించి గొంతుతో చెప్పించడమే మేలు. మా దగ్గర పనిచేసేవాళ్లలో ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు, ఆడియో మారిస్తే వాళ్లకీ అదే మాడ్యూల్ సరిపోతుంది. వెనక మంట అంటుకుందని చెప్పడానికి కళ్లముందు బాణం గుర్తు పెట్టేవాళ్లున్నారు. వెనక నుంచి చిటపటమని శబ్దం వస్తే చాలు, మనిషి తనంతట తనే తిరుగుతాడు. ఇలా శబ్దం ఏ దిక్కునుంచి వస్తోందో తెలిసేలా పెట్టే స్పేషియల్ ఆడియో నేర్చుకో, డిజైనర్లలో దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

ఇంకొకటి. హెడ్‌సెట్ పట్టీ ఆడవాళ్ల ముడి మీద సరిగ్గా కూర్చోదు. కొంచెం కిందికి జారినా అక్షరాలు మసకబారతాయి. వాళ్లు మసగ్గా ఉందని చెప్పరు, "నాకు రాదులెండి" అని తీసి ఇచ్చేస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు చాలా బాధ, ఎందుకంటే వాళ్లకి రాకపోవడం కాదు, పరికరం వాళ్ల కోసం తయారు కాలేదు. అందుకే మాడ్యూల్ మొదట్లోనే ఒక పెద్ద అక్షరం చూపించి, అది స్పష్టంగా కనిపించేదాకా హెడ్‌సెట్ సర్దించే మెట్టు పెట్టాం.

ఫ్రేమ్_రేటు:

అక్క చెప్పినవన్నీ ఒప్పుకుంటాను, కోడ్ రాసేవాళ్లు పక్కన ఉంటారన్న మాట దగ్గర తప్ప. నేను ఆ పక్కన ఉండేవాణ్ని. మీరు యూనిటీ కోడ్ భాష సీషార్ప్ రాయనక్కర్లేదు, కానీ చదివి ఇక్కడ ఏం జరుగుతోందో అర్థం చేసుకోవాలి, యూనిటీలో వస్తువు వివరాలు చూపించే ఇన్‌స్పెక్టర్‌లో విలువలు మార్చి మీరే పరీక్షించుకోగలగాలి. షెల్ఫు 2 సెంటీమీటర్లు కిందికి దించడానికి కూడా డెవలపర్ కోసం ఎదురుచూసే డిజైనర్‌తో పని సాగదు.

రెండోది, ఇది మీ ఇంటీరియర్స్ వాళ్లకి ముఖ్యంగా. హెడ్‌సెట్ 72 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 72 బొమ్మలతో (ఫ్రేములతో) నడిస్తే ఒక్కో ఫ్రేము గీయడానికి దొరికేది 13.9 మిల్లీసెకన్లు. 90 అయితే 11.1. అది దాటిందంటే తల తిప్పినప్పుడు దృశ్యం కుదుపుతుంది, కడుపులో తిప్పుతుంది. లూమియాన్ రెండర్‌కి గంట పట్టినా ఎవరూ అడగరు, ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. 3డీ వేర్‌హౌస్ నుంచి దించిన సోఫాకి బటన్లు, కుట్లు కూడా మోడల్ చేసి ఉంటాయి, ఆ ఒక్క సోఫాయే గదంత బరువు. గాజు పార్టిషన్లంటే మీకు ఇష్టం, మెటా క్వెస్ట్ హెడ్‌సెట్‌లో ఉండే మొబైల్ చిప్‌కి మాత్రం పారదర్శకంగా ఉండేవి ఒకదాని వెనక ఒకటి వస్తే నరకం. నిజంగా ప్రతిబింబించే అద్దం పెడితే గదిని ఇంకోసారి గీయాలి. కాబట్టి బ్లెండర్‌లో మోడల్ తేలిక చేయడం, వెలుగుని ముందే లెక్కగట్టి (బేక్ చేసి) మోడల్ మీద అతికే బొమ్మల్లో, అంటే టెక్స్చర్లలో, పెట్టడం, ఈ రెండూ ముందు నేర్చుకోండి.

కొలతలు కూడా చూసుకోండి. యూనిటీలో ఒక యూనిట్ అంటే మీటరు, అన్‌రియల్‌లో సెంటీమీటరు. బ్లెండర్‌లో పైకి పోయే అక్షం జెడ్, యూనిటీలో వై. ఎగుమతి చేసేముందు కంట్రోల్ ఏ నొక్కి స్కేల్ అప్లై చేయకపోతే తలుపు అగ్గిపెట్టెంత రావచ్చు, తాటిచెట్టంత రావచ్చు.

హెడ్‌సెట్ చేతిలో లేని రోజుల్లో యూనిటీ ఎక్స్‌ఆర్ ఇంటరాక్షన్ టూల్‌కిట్‌లో డివైస్ సిమ్యులేటర్ ఉంది, కీబోర్డు, మౌస్‌తో పని అయిపోతుంది. సౌఖ్యం, సైజు మాత్రం అందులో తెలియవు. అవి ఆదివారం కోసం దాచుకోండి.

ఇంకొక్క మాట. వస్తువుకి ఏ స్థితిలో ఏం జరగాలో డిజైనర్లు రాసిస్తారు: చెయ్యి దగ్గరికొచ్చింది, తాకింది, పట్టుకుంది, వదిలింది. పట్టుకుని ఉండగా ట్రాకింగ్ పోతే ఆ వస్తువు గాల్లో ఆగాలా, కింద పడాలా, చోటికి తిరిగి వెళ్లాలా? అది రాసిచ్చే డిజైనర్ దొరికితే మా టీములో వదులుకోం.

బెజవాడ_ప్లాన్లు:

అక్కా, అన్నా, ఇద్దరికీ చాలా థాంక్స్. ఇంత వివరంగా చెప్పినవాళ్లు ఇప్పటిదాకా లేరు. స్కేల్ అప్లై సంగతి రాత్రే చేసి చూశాను, తలుపు తలుపులాగే వచ్చింది.

ఇంకో రెండు అడగొచ్చా? మా నాన్నగారు పేపర్లో ఏదో చదివి హెడ్‌సెట్లు ఆపేస్తున్నారట, ఈ ఫీల్డు ఉంటుందా అంటున్నారు. రెండోది, తెలుగు రాతని బొమ్మగా పెడితే అక్షరం ఎంత పెద్దగా ఉండాలో ఎలా తెలుస్తుంది?

డాలస్_నుంచి:

మీ నాన్నగారి అనుమానం న్యాయమైనదే. మైక్రోసాఫ్ట్ తన హోలోలెన్స్ 2 హెడ్‌సెట్ తయారీ 2024లో ఆపేసింది. గూగుల్ వీఆర్ ప్లాట్‌ఫాం డేడ్రీమ్ 2019లోనే ఆగిపోయింది. ఈ రంగంలో లేఆఫ్‌లు నేను దగ్గర్నుంచి చూశాను, ఉద్యోగం మానకుండా నేర్చుకోవాలన్న మీ నిర్ణయం సరైనదే. కానీ అదే 2024లో ఆపిల్ హెడ్‌సెట్ విజన్ ప్రో అమ్మకానికి వచ్చింది, ఆ ఏడాది చివర్లో గూగుల్ ఇలాంటి పరికరాల కోసం ఆండ్రాయిడ్ ఎక్స్‌ఆర్ ప్రకటించింది. పరికరాలు వస్తుంటాయి, పోతుంటాయి. ఒక్క కంపెనీ హెడ్‌సెట్‌ని నమ్ముకుని నేర్చుకోకండి. యూనిటీలో ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడు ఓపెన్‌ఎక్స్‌ఆర్ అనే ఉమ్మడి ప్రమాణం ఎంచుకోండి, ఒకసారి చేసింది చాలా పరికరాల్లో నడుస్తుంది.

రెండు మూడు రకాల ఇన్‌పుట్‌లు చేతితో వాడి చూడటం కూడా అవసరం. విజన్ ప్రోలో చూపుతో ఎంచుకుని వేళ్లు కలిపి నొక్కుతారు, చెయ్యి ఒళ్లోనే ఉండొచ్చు. గాల్లో ప్యానెల్ పెట్టి వేలితో నొక్కమంటే కొద్దిసేపటికే భుజం లాగుతుంది. అదే మెనూ ఈ రెండింటికీ ఒకేలా ఉండకూడదు. చూపుతో ఎంచుకునే వాటికి ఆపిల్ తన సూచనల్లో ఒక్కో బటన్‌కి కనీసం 60 పాయింట్ల (పాయింట్ అంటే ఆపిల్ వాడే డిజైన్ కొలత) చోటు వదలమంటుంది. అవి చదివి, ఎందుకలా అన్నారో ఆలోచించండి.

నేను ఇంటర్వ్యూలు చేసేటప్పుడు పోర్ట్‌ఫోలియోలో మెరిసే రెండర్లు చూడను. ఒక్క చిన్న ప్రాజెక్టు చాలు. మీరు పక్కన నిలబడి ఏమీ చెప్పకుండా కొత్త మనిషి దాన్ని పూర్తి చేయగలగాలి. వీడియోలో హెడ్‌సెట్ లోపలి దృశ్యం, బయటి నుంచి ఆ మనిషి ఒళ్లు కదిలే తీరు పక్కపక్కనే పెట్టండి. ఏవి ప్రయత్నించి వదిలేశారో, ఎందుకు వదిలేశారో రాయండి. మీ వంటగది అయితే నేరుగా సరిపోతుంది: గట్టు, షెల్ఫులు మనిషి ఎత్తుకి తగ్గట్టు చేత్తోనే జరుపుకునేలా, ఆ కొలతలు వడ్రంగికి వెళ్లేలా చేయండి. అది మీకు తప్ప ఇంజినీరింగ్ చదివినవాళ్లకి తట్టదు.

భద్రత_డిజైనర్:

ఫ్రేమ్_రేటు గారూ, చదవడం రావాలన్నది సరే, ఒప్పుకుంటున్నాను. నేనూ అంతవరకు చదువుతాను.

చెల్లీ, అక్షరం సైజు గురించి. దీనికి కొలత డేడ్రీమ్ వాళ్లే ఇచ్చి వెళ్లారు, 2017లో. డీఎంఎం అంటారు. మీటరు దూరంలో ఒక మిల్లీమీటరు ఎంత కనిపిస్తుందో అదే 1 డీఎంఎం. 2 మీటర్ల దూరంలో అంతే కనిపించాలంటే 2 మిల్లీమీటర్లు కావాలి. ఫిగ్మాలో ఒక పిక్సెల్‌ని ఒక డీఎంఎం అనుకుని ప్యానెల్ గీసుకో, దాన్ని ఎంత దూరంలో పెడితే అన్ని రెట్లు పెంచు. మళ్లీ మళ్లీ లెక్కలేసే పని ఉండదు.

ఇంగ్లిష్ కోసం చెప్పిన సైజులు మాత్రం తెలుగుకి యథాతథంగా తీసుకోకు. మన అక్షరం కింద ఒత్తు ఇంకా చిన్నగా ఉంటుంది, అది చదవగలిగితేనే చదివినట్టు. వరుసల మధ్య ఎడం కూడా పెంచు, లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది. సన్నని ఫాంటు వద్దు.

ఈ ఆదివారం హెడ్‌సెట్ తెచ్చుకున్నప్పుడు "జ్ఞానం", "స్త్రీ", "ప్రమాదం" ఈ మూడు మాటలు రెండు మూడు సైజుల్లో, 1 మీటరు, 2, 3 మీటర్ల దూరాల్లో పెట్టి మీ నాన్నగారితో చదివించు. కళ్లజోడు ఉంటే తీయించకు. ఏ సైజు దగ్గర తడబడ్డారో ఇక్కడ రాయి, హెడ్‌సెట్ మోడల్ పేరుతో సహా. మా ఫలితాలు నేనూ పెడతాను.