టికెట్‌ను శాశ్వతంగా చెరిపే టూల్‌కు వివరణ ఎలా రాయాలి?

ప్రశ్న: నల్లగొండ నుంచి

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లులకు ధర్మకాంటా సాఫ్ట్‌వేర్ చేసి ఇచ్చే చిన్న బృందం మాది. మిల్లుల నుంచి వచ్చే ఫిర్యాదులను జిరా అనే పనుల నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లో టికెట్లుగా పెట్టుకుంటాము. వాటిని చూసుకోవడానికి ఒక ఏఐ ఏజెంట్‌ను పెట్టి, మేమే రాసుకున్న ఎంసీపీ (ఏఐకి బయటి టూల్స్‌ను కలిపే పద్ధతి) సర్వర్ ద్వారా దానికి కొన్ని టూల్స్ ఇచ్చాము. అందులో ‘డిలీట్ ఇష్యూ’ ఒకటి. దానికి నేను రాసిన వివరణ ఒక్క వాక్యమే: ‘ఇచ్చిన టికెట్‌ను తొలగిస్తుంది.’

పోయిన వారం మా సపోర్ట్ చూసే అమ్మాయి ‘ఆ తరుగు టికెట్ రెండుసార్లు పడింది, ఒకటి తీసెయ్’ అని ఏజెంట్‌కు చెప్పింది. డూప్లికేట్ అని గుర్తుపెట్టి క్లోజ్ చేయాలని ఆమె ఉద్దేశం. ఏజెంట్ డిలీట్‌కు పోయింది. దాని కింద సబ్‌టాస్క్ (చిన్న ఉప టికెట్) ఉన్నందువల్ల మొదటి ప్రయత్నం ఆగిపోగా, సబ్‌టాస్కులతో సహా చెరపమనే ‘డిలీట్‌సబ్‌టాస్క్స్’ విలువను ట్రూ చేసి మళ్లీ ప్రయత్నించి, చెరిపేసింది. తేమ 17 శాతం దాటిన వడ్లకు తరుగు రెండుసార్లు కోత పడుతోందని మిల్లు గుమస్తా రుజువుగా పంపిన నాలుగు కాంటా చీటీల ఫొటోలు ఆ సబ్‌టాస్క్‌లోనే ఉన్నాయి. వివరణలో ఏమి రాసి ఉంటే ఇది ఆగేది?

జవాబు: మహబూబ్‌నగర్ నుంచి

మీ వాక్యం టూల్ ఏమి చేస్తుందో చెప్పింది కానీ, ఎప్పుడు ముట్టుకోకూడదో చెప్పలేదు. మన దగ్గర ‘తీసెయ్’ అంటే జాబితాలోంచి తప్పించమని కావచ్చు, క్లోజ్ చేయమని కావచ్చు. ‘బంద్ చెయ్’, ‘ఎత్తెయ్’ కూడా అంతే. పక్క సీటులో కూర్చున్న మనిషికి సందర్భం తెలుసు కాబట్టి అర్థమవుతుంది. ఏజెంట్‌కు తెలిసింది మీరు రాసిన ఆ ఒక్క వాక్యమే. నేనైతే ఇలా రాస్తాను:

‘టికెట్‌ను, దాని కామెంట్లను, జోడించిన ఫైళ్లను శాశ్వతంగా చెరుపుతుంది, వెనక్కి తేవడం కుదరదు. డూప్లికేట్లకు, పని అయిపోయిన టికెట్లకు దీన్ని వాడవద్దు. వాటికి క్లోజ్ చేసే టూల్ ఉంది. తీసెయ్, ఎత్తెయ్, బంద్ చెయ్ అన్న మాటలను క్లోజ్ చేయమనే అర్థం చేసుకోవాలి. శాశ్వతంగా చెరపమని స్పష్టంగా అడిగినప్పుడు మాత్రమే, టికెట్ నంబరు, శీర్షిక, సబ్‌టాస్కుల సంఖ్య అడిగినవారికి చూపించి, వారు ఒప్పుకున్నాకే ముందుకు పోవాలి.’

క్లోజ్ చేసే టూల్ పేరును అక్కడే రాయండి. వద్దని మాత్రమే చెప్పి దారి చూపకపోతే ఏజెంట్ మళ్లీ ఇక్కడికే వస్తుంది.

ఇంకొక్క మాట. ఎర్రర్ సందేశం కూడా వివరణలో భాగమే. సబ్‌టాస్కులున్న టికెట్‌ను ‘డిలీట్‌సబ్‌టాస్క్స్’ విలువ ట్రూ కాకుండా చెరపడానికి జిరా ఒప్పుకోదు. అది మంచి అడ్డుకట్టే, కానీ ‘ఇది ట్రూ చేస్తే పోతుంది’ అన్న ధోరణిలో మీ టూల్ జవాబిస్తే, ఏజెంట్ దాన్ని తర్వాతి మెట్టుగానే తీసుకుంటుంది. దానికి బదులు ‘దీనికి ఒక సబ్‌టాస్క్, నాలుగు ఫొటోలు ఉన్నాయి, ఆగి, అడిగినవారికి చెప్పు’ అని రాయండి.

జవాబు: సూర్యాపేట నుంచి

పై జవాబుతో ఏకీభవిస్తాను, కానీ వివరణ తాళం కాదు. ఎంసీపీ 2025 మార్చి కూర్పులో టూల్ ఎలాంటిదో చెప్పే గుర్తులు వచ్చాయి. ‘ఇది డేటాను చెరపగలదు’ అని చెప్పే ‘డిస్ట్రక్టివ్‌హింట్’ పెట్టకపోయినా ట్రూగానే లెక్కిస్తారు, అయినా మీరు స్పష్టంగా పెట్టండి; దాన్ని చూసి మనిషిని అడిగే ఏర్పాటు క్లయింట్‌లో (ఏజెంట్‌ను నడిపే యాప్‌లో) చేసుకోవచ్చు. అయితే అవి సూచనలే, వాటిని పాటించాలన్న బలవంతం ఎవరి మీదా లేదు. అందుకే ఏజెంట్ ఖాతాకు జిరా ప్రాజెక్టులో టికెట్లు డిలీట్ చేసే అనుమతినే తీసివేయండి. అసలు మీ ఏజెంట్‌కు ఈ టూల్ దేనికి అవసరమో నాకు అర్థం కాలేదు.

ప్రశ్న అడిగిన వ్యక్తి

ఇద్దరికీ ధన్యవాదాలు. వెతికి చూస్తే, నిజంగా చెరపవలసిన టికెట్ మాకు ఏడాదిలో ఒక్కటి కూడా రాలేదు. అనుమతి తీసివేశాము, టూల్‌ను కూడా ఏజెంట్ జాబితాలోంచి తప్పించాము. తెలుగు మాటల గురించిన వాక్యాన్ని మాత్రం క్లోజ్ టూల్ వివరణలోకి మార్చి ఉంచాము. నాలుగు చీటీలలో రెండు గుమస్తా ఫోనులో ఇంకా ఉన్నాయి. వాటితో తరుగు టికెట్‌ను మళ్లీ పెట్టాము.